బాదమాకుల సాక్ష్యం

జగ్గయ్యపేటలో రెండిళ్ళ మధ్య గోడ. ఇవతల బ్లౌజులు కుట్టుకు బతికే రాజ్యశ్రీ, అవతల ఉత్త బనీనుతో స్టూలెక్కి నిలబడ్డ సుబ్బరాయుడు, ఇద్దరి నెత్తిమీదా బాదం చెట్టు, ఆ చెట్టుమీద కోత మిషనుతో ఏలీయా. పంచాయితీ అప్పటికే సగంలో ఉంది.

"కాదు బాబాయ్ గారూ, చెట్టు కొట్టెయ్యమని నేనెప్పుడన్నానండీ? ఆకులు మా దొడ్లో పడుతున్నాయన్నా. అంతేగా నేనన్నది."

"చెట్టున్నన్నాళ్ళు ఆకు పడుద్ది. ఆకు పడకూడదంటే చెట్టుండకూడదు. నీ అర్జీకి నా జవాబు ఇదేనమ్మాయ్. ఏలీయా, మిషను అందుకో."

"అందుకునే ఉన్నానండి. తాడు కూడా కట్టా. మీరిద్దరూ ఒక మాట మీదకొస్తే మొదలెడతా. కాస్త తొందరగా రండి, ఇక్కడ కొరుకుడు చీమలున్నాయ్."

"ఒక్క నిమిషం ఆగు ఏలీయా. బాబాయ్ గారూ, చలిగా ఉంది, ముందు మీరెళ్ళి చొక్కా వేసుకు రండి. నిదానంగా మాట్లాడుకుందాం."

"నా ఇంటి గోడ దగ్గర నేను నిలబడటానికి చొక్కా ఎందుకు? మాట మార్చమాక."

"మార్చడం లేదండీ. పిన్నిగారు ఇంట్లో లేకుండా ఈ పనేంటి? ఆవిడ చేత్తో నాటిన చెట్టు."

"మీ పిన్ని పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి పోయింది. సాయంత్రానికొస్తది. ఆవిడొచ్చేసరికి ఇక్కడ మొద్దు ఒక్కటే కనపడాలి."

"చూసి ఊరుకుంటారా?"

"ఊరుకోదు. అందుకేగా పొద్దున్నే పెట్టించా. … ఆ ఫోనేంటి, గోడమీద నిలబెట్టావ్?"

"అదా. అది… తడిసిందండీ. ఆరబెట్టా."

"ఆరబెట్టడానికి అదేమన్నా మిరపకాయా? అట్టా నిలబెడితే ఒక పక్కే ఎండుద్ది. తిరగెయ్యి."

"వద్దొద్దు, ముట్టుకోకండి. తిరగెయ్యకూడదంట. అట్లాగే ఉంచమన్నారు."

"ఎవరు?"

"కొట్లో."

"ఏవండీ, నన్ను చెట్టెక్కించారు గానీ అసలు గొడవేంటో ఒక్కళ్ళూ చెప్పలేదు. కొట్టాక రేపు నా మెడకి చుట్టుకుంటే ఎట్టా? చిల్లకల్లులో ఇంకో చెట్టు ఒప్పుకున్నా నేను."

"నేను చెప్తా ఏలీయా. చలికాలంలో ఈ చెట్టు ఎర్రబడిందయ్యా. ఇక చూసుకో, ఆకంతా మా దొడ్లోనే. ఊడ్చిన గంటకి మళ్ళీ. ఆరేసిన చీరలమీద, ఇస్త్రీ చేసిన బ్లౌజులమీద. చెప్పీ చెప్పీ విసిగి సచివాలయంలో అర్జీ పెట్టా. మా పెద్దమ్మ కొడుకు భవానీప్రసాద్ లేడూ, నందిగామలో వకీలు, వాడిచేత నోటీసు కూడా ఇప్పించా. వాడేమన్నాడంటే, ‘అక్కా, ఇట్లాంటివాటికి సాక్ష్యం కావాలి, రోజూ ఫోటోలు తీసి పెట్టు’ అన్నాడు."

"తీసి దాచిపెట్టమని వాడి ఉద్దేశం."

"నాకేం తెలుసండీ? ఈ రోజుల్లో ఫోటో పెట్టు అంటే ఎవరైనా ఎక్కడ పెడతారు? ఫేస్‌బుక్కులో పెట్టా."

"పెట్టింది. ఊరూవాడా చూసేట్టు పెట్టింది. నా పరువు తియ్యాలని పెట్టింది."

"పెట్టానండీ, కాదన్నానా. ‘ఈ రోజు మా దొడ్లో పడిన ఆకులు, మీరే చూడండి’ అని కోపంగానే రాసి పెట్టా. సాయంత్రానికి చూస్తే ఒకాయన అద్భుతం అన్నాడు. ఒకావిడ, మనసుకి ఎంత హాయిగా ఉందో అంది. సాక్ష్యం చూసి హాయేంటి అనుకున్నా. మర్నాడు ఇంకో నాలుగు ఫోటోలు పెట్టా, ఇంకా కోపంగా. ఇంకా ఎక్కువమంది బాగుందన్నారు. హైదరాబాదాయన ఎవరో, మీ జగ్గయ్యపేటలో కూడా ఆటమ్ వస్తుందా అని అడిగాడు. అంటే ఆకులు రాలే కాలమంట, నేను ఆటమ్ అంటే ఆటంకం అనుకున్నా, వకీలు భాషలో. ‘వచ్చిందండీ, పక్కింటాయన వల్లే వచ్చింది’ అని రాశా."

"చూశావా. పేరు రాయకపోయినా పక్కింటాయనంటే నేనే కదా."

"ఆగండాగండి. ‘పేటలో ఆకులు రాలే కాలం’ అని ఫేస్‌బుక్కులో వస్తాయే, ఆ ఫోటోలు మీరు పెట్టేవేనా అండి?"

"నేనే ఏలీయా."

"మా అమ్మాయి క్రిస్టీ రోజూ చూపిస్తదండి. కాలేజీ బస్సొచ్చేలోపల అది చూడాల్సిందే. అన్నం తినకపోయినా సరే, ఆకు చూడాల్సిందే. బట్టలుతికే బండమీద మూడాకులున్న ఫోటో లేదూ, దాన్ని ఫోన్ వెనకమాల అంటించుకుంది. ఒకటి పసుపు, ఒకటి సగం పచ్చ, ఒకటి ఎరుపు…"

"ఎరుపు కాదు, ఇటుకరంగు. బాగా ఎర్రది పెడితే పసుపు తేలిపోయేది."

"మీకెట్లా తెలుసు బాబాయ్ గారూ?"

"ఏంటి?"

"తేలిపోయేదని."

"మా చెట్టు ఆకు రంగు మాకు తెలవదా? నీ ఫోన్లో ఏవో ఎర్రగా పైకి పోతున్నాయ్ చూసుకో."

"చెమ్మండీ. ఆవిరైపోతోంది."

"చెమ్మ ఎర్రగా ఉంటదా? నా కళ్ళజోడు లోపలుంది."

"వెళ్ళి తెచ్చుకోండి. వచ్చేటప్పుడు చొక్కా కూడా వేసుకు రండి."

"నేనటు పోంగానే ఏలీయాని దించెయ్యాలని. నాకు తెలవదా. నేనీ స్టూలు దిగను."

"ఏవండీ, మా క్రిస్టీ ఫోను చేస్తోంది. జేబులో ఒకటే మోత. ఒక చేత్తో మిషను, ఒక చేత్తో కొమ్మ. ఎత్తలేను. మీరు తేల్చండి."

"తేల్చడానికేముంది ఏలీయా? కాస్త నా మాట కూడా విను. విజయవాడలో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. ఈ ఆకుల ఫోటోలన్నీ పెద్దవి చేయించి వరసగా గోడకి పెడతామన్నారు. ఎర్రాకు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ చిగురొచ్చి చెట్టు పచ్చబడిందాకా తియ్యమన్నారు. ఇప్పుడు చెట్టు కొట్టేస్తే నేనేం తీసేది? మొద్దా?"

"మొద్దు తీసి పెట్టు. దానికీ హాయిగా ఉందంటారు."

"ఎగతాళి చెయ్యకండి బాబాయ్ గారూ. పాతికేళ్ళనుంచి బ్లౌజులు కుడుతున్నా. చంక దగ్గర బిగువైందని తిరిగొచ్చినవాళ్ళే గానీ, చక్కగా కుదిరింది రాజ్యశ్రీ అని చెప్పడానికి తిరిగొచ్చిన మనిషి ఒక్కళ్ళు లేరు. ఇప్పుడు పొద్దున్నే నా ఆకు కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. ఒకరోజు ఆలస్యమైతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు. ఇది పోతే నేను ఓర్చుకోలేనండీ."

"నీ ఆకా?"

"మీ ఆకేలెండి. చెట్టు మీదేగా."

"చెట్టు సంగతి కాదు. రాత్రి ఏం రాశావ్?"

"ఎక్కడ?"

"అందులోనే. నాకు చదవడం రాదనుకున్నావా? విజయవాడ పిలుపు సంగతి రాసి, కింద ఏం రాశావ్? ‘ఇంత అందంగా ఆకులు రాల్చిన గాలికి జీవితాంతం రుణపడి ఉంటా’ అని. గాలికంట. జీవితాంతమంట."

"మరి గాలే కదండీ."

"గాలా?"

"మీరేగా రాసిచ్చారు."

"నేనా?"

"నా నోటీసుకి మీ వకీలు ఇచ్చిన జవాబులో ఏముంది బాబాయ్ గారూ? ఆకులు రాలడం గాలి పని, మా కక్షిదారు గోడ ఇవతల నుంచి అవతలకి ఒక్క ఆకు కూడా వెయ్యలేదు, వెయ్యబోడు. కింద సంతకం, సుబ్బరాయుడు."

"అది వకీలు భాష."

"సంతకం మీదేగా?"

"సంతకం నాదే."

"అయితే గాలే."

"… గాలే."

"అంతే కదా. మరి గాలికి దండం పెడితే మీకు కోపం ఎందుకండీ?"

"నాకేం కోపం? నాకెందుకు కోపం? ఏలీయా, కొయ్యి."

"ఏ కొమ్మ కొయ్యమంటారండీ?"

"గాలి ఏ కొమ్మనైతే ఊపుద్దో అది కొయ్యి. పొడుగ్గా పొగిడిందిగా గాలిని."

"పొగడొద్దా బాబాయ్ గారూ? ముగ్గులో చుక్క చుక్కకీ ఒక ఆకు పడింది, గుర్తుందా? ఒక్క చుక్క తప్పలేదు. గాలి ఎంత ఒద్దికగా విసిరిందో."

"గాలికి ఒద్దికా?"

"రుబ్బురోలు మీద ఒక ఆకు నిలువుగా నిలబడింది. కాడ కిందకి, కొస పైకి. ఎండ దాని వెనకమాల నుంచి పడి ఈనెలన్నీ కనపడ్డాయి. నేను పెట్టినవాటిల్లో అంత పేరు ఇంకోదానికి రాలా."

"అది పొత్రం సందులో కాడ గుచ్చితే గానీ నిలబడదు. మూడుసార్లు పడిపోతే నాలుగోసారి నిలబడింది. గాలి చేసిందంట."

"మూడుసార్లు పడిందని ఎవరు చెప్పారు?"

"ఎవరన్నా చెప్పాలా? చూస్తే తెలవడంలా? ఎవరు నిలబెట్టారో వాళ్ళకి తెలుసుద్ది ఆ కష్టం."

"గాలికి తెలుసులెండి."

"గాలికి తెలవదు. గాలికి ఏం తెలుసు? గాలి మిరపకల్లంలో పట్టాలు లేపుద్ది, కోత కొచ్చిన వరి పడేస్తది. గాలికి అంత తెలివే ఉంటే రైతులం ఇట్టా ఎందుకుంటాం?"

"ఏవండీ, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. చెట్టుమీద కూర్చుని చూస్తున్నాగా, ఎర్రాకు ఒక్కటంటే ఒక్కటి లేదండీ ఇక్కడ. అంతా మోడు, కొసలకి చిగురు. నిన్న పెట్టిన ఫోటోలో మరి అన్ని ఎర్రాకులు ఎక్కడివి?"

"ఏముంది ఏలీయా, ఎక్కణ్ణుంచో గాలే తెచ్చి ఉంటది."

"గాలి తెచ్చిందా?"

"ఇంకెవరు తెస్తారండీ?"

"గాలి తెచ్చిందా అమ్మాయ్? గాలి నందిగామ బస్సెక్కిందా? వకీలు దగ్గరకని పోయి, కోర్టు దగ్గర బాదం చెట్టు కింద వంగి వంగి ఆకులు ఏరింది గాలా? ఏంటి తాతా ఆ సంచిలో అని కండక్టరు అడిగితే, మేకలకి బాబూ అని అబద్ధం చెప్పింది గాలా? నాకు మేకలున్నాయా? చందర్లపాడులో మా వియ్యంకుడి దొడ్లో చెట్టు ఎర్రబడిందని తెలిసి, పిలవని ఇంటికి పోయి, ఒక పూట భోజనం చేసి, ఆకులు అడిగి తెచ్చుకుంది గాలా? వాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. చీకటితో లేచి ఈ స్టూలు ఎక్కి, ఈ దోటికర్ర కొసకి గుచ్చి, నీ దొడ్లోకి ఒక్కో ఆకూ ఉగ్గుపాలు పోసినంత నెమ్మదిగా దించింది గాలా? నడుం పట్టేస్తే ఎందుకు పట్టిందో మీ పిన్నికి చెప్పలేక నోరు మూసుకుని మంచమ్మీద పడుకుంది గాలా? నేను. నేనమ్మాయ్. ఆకు పెట్టింది నేను."

"అమ్మయ్య."

"ఏంటి అమ్మయ్య?"

"ఏం లేదు, చెప్పండి. ఎందుకు పెట్టారండీ?"

"మొదట కోపంతోనే. అర్జీ పెట్టావని మండి, నా దొడ్లో ఊడ్చిన ఆకంతా గంపకెత్తి నీ వైపు పోశా. ఇప్పుడు చూసుకో ఆకంటే ఏంటో అని పోశా. మర్నాడు మా మనవడి ఫోన్లో చూస్తే, నేను పోసిన కుప్పని చూసి జనం బాగుందంటున్నారు. కోపంతో పోస్తేనే బాగుందన్నారే, సర్ది పెడితే ఏమంటారో చూద్దామనిపించింది. నా వయసంతా పత్తీ మిరపా పండించా అమ్మాయ్. తేమ ఎంత, తాలు ఎంత అని అడిగినవాళ్ళే గానీ, కాయ రంగు చూడముచ్చటగా ఉంది సుబ్బరాయుడూ అన్న మనిషిని నేనెరగను. నీ ఆకుల కింద రాసేవి రోజూ చదువుకునేవాణ్ణి. నన్ను కాదని తెలుసు. అయినా నాకే అనుకునేవాణ్ణి. రాత్రి గాలికి దండం పెట్టావ్ చూడు, కడుపు మండిపోయింది. ఆ గాలే వచ్చి పెట్టుకుంటది రేపట్నుంచి అని తెల్లారగానే ఏలీయాకి కబురు పెట్టా."

"తెలుసు బాబాయ్ గారూ."

"ఏం తెలుసు?"

"మీరేనని. మొదటిరోజు ఫోటోలోనే గోడమీద గంప పట్టుకున్న మీ రెండు చేతులూ పడ్డాయి. ఫోటోలో ఆ ముక్క కోసేసి పెట్టా. ఆ తర్వాత రోజూ ఏదో ఒక మూల మీరు గోడకి ఆనించిన దోటి నీడ పడేది. అదీ కోసేసి పెట్టేదాన్ని."

"కోసేశావా? సాక్ష్యం అదేగా? నీ తమ్ముడికి అదిచ్చుంటే నేను కోర్టులో తల ఎత్తేవాణ్ణా?"

"ఎట్లా ఇస్తానండీ? ఇస్తే మీరు మానేస్తారుగా. పొద్దున్నే వంటింటి కిటికీ వెనకమాల కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని, మీ పని అయ్యేదాకా. ఒకరోజు మీకు దగ్గొచ్చింది. ఎక్కడ సిగ్గుపడి దిగిపోతారో అని గ్లాసు కింద పెట్టడానికి కూడా భయపడి అట్లాగే పట్టుకుని నిలబడ్డా."

"అందుకా ఆ రోజు తలుపు ఆలస్యంగా తీసింది."

"అర్జీ కూడా అందుకే వెనక్కి తీసుకోలా. మీరు ఆకులేస్తోంది నా మీద కోపంతోనే కదా. అర్జీ తీసేస్తే కోపం పోద్ది, కోపం పోతే ఆకులు ఆగిపోతాయని. భవానీప్రసాద్ రాజీ పడమంటే, ఇప్పుడే వద్దురా, చిగురొచ్చాక చూద్దామన్నా."

"నా వకీలూ అదే అన్నాడు, రాజీ పడమని. నేనూ వద్దన్నా. కేసు తెగితే నువ్వు ఫోటోలు మానేస్తావని."

"నేను దిగొచ్చా అండి?"

"ఉండవయ్యా, మధ్యలో నువ్వొకడివి. అమ్మాయ్, అన్నీ తెలిసీ గాలికి దండం పెట్టావా?"

"పెట్టా. మీచేత చెప్పించాలని. విజయవాడవాళ్ళు ఫోన్ చేసి, ఆకులు వాటంతటవి అట్లా పడవు, పెట్టేవాళ్ళు ఎవరో ఉన్నారు, వాళ్ళ పేరు కూడా గోడమీద వెయ్యాలి, కానీ వాళ్ళ నోటితో వాళ్ళు ఒప్పుకోవాలన్నారు. నేనొచ్చి మిమ్మల్ని అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు. గాలే అని సంతకం పెట్టా."

"అందుకేనండీ గాలికి రాసింది. చెట్టు కొట్టించేదాకా పోతారని అనుకోలా. ఏలీయా మిషను పట్టుకుని చెట్టెక్కుతుంటే నా ప్రాణం పోయిందనుకోండి."

"సరే. ఇప్పుడు ఒప్పుకున్నా. ఒప్పుకుంటే ఎవరు విన్నారు? నువ్వు, చెట్టుమీద ఏలీయా. రేపు నా వకీలు అడిగితే అనలేదంటా."

"అనలేరు బాబాయ్ గారూ."

"ఎందుకనలేను? … ఇదిగో, నీ ఫోన్లోంచి మళ్ళీ ఎర్రగా లేస్తున్నాయ్. ఈసారి గుంపులు గుంపులుగా. పురుగు పట్టిందేమో చూడు."

"పురుగులు కాదండీ. గుండెలు."

"ఎవరి గుండెలు?"

"చూస్తున్నవాళ్ళు పెడుతున్నారు. ఆకు పెట్టే మనిషిని ఈ రోజు చూపిస్తానని తెల్లారాక రాసి పెట్టా. ఫోను తడవలేదు బాబాయ్ గారూ. లైవ్ పెట్టా."

"లైవా?"

"మీరు స్టూలెక్కిన దగ్గర్నుంచి."

"అందుకా అండీ మా క్రిస్టీ ఒకటే ఫోన్లు? ఇప్పుడు ఎత్తా. ‘నాన్నా, నువ్వు ఆ చెట్టు దిగకపోతే నేను ఇంటికి రాను’ అంటోంది. నేను దిగుతున్నానండీ. కూలీ ఇచ్చినా ఇవ్వకపోయినా దిగుతున్నా."

"అమ్మాయ్, ఎవరెవరు చూస్తున్నారు?"

"పేటలో సగం మంది ఉన్నారనుకోండి. మీ చందర్లపాడు వియ్యంకుడు గారు, ‘ఇప్పుడర్థమైంది బావగారూ’ అని పెట్టారు. భవానీప్రసాద్ తలపట్టుకున్న బొమ్మ పెట్టాడు. పిన్నిగారు తిరునాళ్ళ నుంచి పెట్టారు."

"మీ పిన్నా? ఏం పెట్టింది?"

"‘నా చెట్టుమీద చెయ్యి పడితే గుమ్మం తొక్కనివ్వను’ అని ఒకటి. దాని కింద ఇంకొకటి. ‘రోలు మీద ఆకు చాలా బాగుంది, నాకెందుకు చెప్పలేదు’ అని."

"ఏదీ, మళ్ళీ చదువు."

"రోలు మీద ఆకు బాగుందన్నారు బాబాయ్ గారూ."

"రోలు మీదది బాగుందందా?"

"చాలా బాగుందన్నారు."

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ నా పని బాగుందన్నది ఇదే మొదటిసారి. … అయితే అందరూ చూశారా? ఇట్టాగే? ఈ చిరుగుల బనీనుతోనే? ఒక్క మాట ముందు చెప్పొద్దూ నాకు?"

"అందుకేగా బాబాయ్ గారూ, పొద్దుటినుంచీ చొక్కా వేసుకు రమ్మంటున్నా."